రెండు డోసులు ఒక రకం, మూడోది ఇంకో రకం: మిక్స్ బూస్టర్ అంటే జనానికీ, ఆరోగ్య సిబ్బందికీ ఎందుకంత అనుమానం?

మాచవరం (పల్నాడు జిల్లా): కోవిడ్ గురించి ఇప్పుడు ఎవరూ పెద్దగా మాట్లాడుకోవడం లేదు. కానీ ఇంట్లో పెద్దవాళ్లకు ఆయాసం వచ్చినా, షుగర్ పెరిగినా, కాళ్లు లాగినా “ఆ టీకా వల్లేనేమో” అనే మాట మాత్రం ఇంకా వినిపిస్తూనే ఉంది. మొదటి రెండు డోసులు ఒక కంపెనీవి, మూడోది వేరే కంపెనీది వేయించుకున్నవాళ్లకు ఈ అనుమానం ఇంకొంచెం ఎక్కువ. “రెండు రకాలు ఒంట్లో కలిస్తే ఏమవుతుందో” అని అమ్మీ, దాదీ అడిగితే సరైన జవాబు చెప్పేవాళ్లు తక్కువ.

ఈ అనుమానం కోవిడ్‌తో ఆగిపోతే ఫర్వాలేదు. కానీ అది పిల్లలకు వేసే పెంటావాలెంట్, మీజిల్స్-రుబెల్లా టీకాల మీదకీ, గర్భిణులకు ఇచ్చే టీడీ సూది మీదకీ పాకుతోంది. రేపు ఇంకో మహమ్మారి వస్తే మళ్లీ ఇదే గందరగోళం. అందుకే మిక్స్ బూస్టర్ అంటే ఏంటి, రూల్స్ ఎప్పుడెప్పుడు ఎలా మారాయి, జనం ఎందుకు వెనకాడారు, టీకా వేసే సిబ్బంది ఎందుకు తటపటాయించారు, పరిశోధనలు ఏం తేల్చాయి అన్నవి ఒకచోట చేర్చి ఇస్తున్నాం.

మిక్స్ బూస్టర్ అంటే ఏంటి?

మొదటి రెండు డోసులు ఏ టీకా అయితే మూడోది కూడా అదే ఇస్తే ఒకే రకం బూస్టర్. మూడోది వేరే పద్ధతిలో తయారైన టీకా అయితే అది మిశ్రమ బూస్టర్. జనం నోట్లో “మిక్స్ డోసు”.

మన దేశంలో వాడిన టీకాలు ఒక్కోటి ఒక్కో పద్ధతిలో తయారయ్యాయి.

కోవిషీల్డ్: ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ, ఆస్ట్రాజెనెకా రూపొందించిన టీకా. పుణెలోని సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసింది. చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్‌ను ఒంట్లో పెరగకుండా మార్చి, దాని ద్వారా కరోనా ముల్లు ప్రోటీన్ సమాచారాన్ని శరీరానికి అందిస్తుంది.

కోవాగ్జిన్: హైదరాబాద్ భారత్ బయోటెక్‌ది. ఐసీఎంఆర్‌తో కలిసి తయారు చేసింది. ఇందులో చంపేసిన కరోనా వైరస్ ఉంటుంది.

కార్బెవాక్స్: ఇది కూడా హైదరాబాద్‌దే. బయోలాజికల్ ఇ సంస్థ, అమెరికాలోని టెక్సస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ మెడికల్ కాలేజీ సహకారంతో తెచ్చింది. కరోనా ముల్లు ప్రోటీన్‌లోని ఒక భాగాన్ని ఈస్ట్‌లో పెంచి తయారు చేస్తారు.

ఇన్‌కోవాక్: భారత్ బయోటెక్ ముక్కు చుక్కల టీకా. సూది ఉండదు. ఒక్కో ముక్కు రంధ్రంలో నాలుగు చుక్కల చొప్పున మొత్తం ఎనిమిది చుక్కలు.

దారి వేరైనా వీటన్నిటి పని ఒకటే: కరోనా వైరస్ ఎలా ఉంటుందో శరీరానికి ముందే చూపించడం. “రెండు మందులు ఒంట్లో కలిసి విషం అవుతాయి” అన్న భయానికి ఆధారం లేదు. ఎందుకంటే టీకాలోని పదార్థం రక్తంలో నెలల తరబడి నిల్వ ఉండదు. కొన్ని రోజుల్లో, వారాల్లో శరీరం దాన్ని తొలగించేస్తుంది. మిగిలేది రోగనిరోధక వ్యవస్థ నేర్చుకున్న పాఠమే. మూడో డోసు వేసే ఆరు, తొమ్మిది నెలల తర్వాత, కలవడానికి మొదటి టీకా ఒంట్లో ఉండనే ఉండదు.

రూల్స్ ఎన్నిసార్లు మారాయి?

జనంలో అపనమ్మకం ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఈ తేదీలు చూడాలి.

2021 జనవరి 16: దేశంలో టీకా కార్యక్రమం మొదలు. ముందుగా ఆరోగ్య సిబ్బందికి.

2021 మార్చి, మే: కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య గడువు మొదట 4 నుంచి 6 వారాలు. మార్చిలో 6 నుంచి 8 వారాలు అయింది. మే 13న 12 నుంచి 16 వారాలు చేశారు.

2022 జనవరి 10: “ప్రికాషన్ డోసు” పేరుతో మూడో డోసు మొదలు. ఆరోగ్య సిబ్బందికి, ఫ్రంట్‌లైన్ వర్కర్లకు, జబ్బులున్న 60 ఏళ్లు దాటినవాళ్లకు. షరతు ఏంటంటే మొదటి రెండు ఏదైతే మూడోదీ అదే ఉండాలి. గడువు 9 నెలలు.

2022 మార్చి 16: 60 దాటిన అందరికీ మూడో డోసు. అదే రోజు 12 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కార్బెవాక్స్ మొదలైంది.

2022 ఏప్రిల్ 10: 18 దాటిన అందరికీ మూడో డోసు, కానీ 60 లోపు వాళ్లు ప్రైవేటు సెంటర్లలో డబ్బు కట్టి వేయించుకోవాలి. కోవిషీల్డ్, కోవాగ్జిన్ ధర 225 రూపాయలకు తగ్గించారు. దాని మీద సర్వీస్ చార్జీ 150 రూపాయలు మించకూడదన్నారు.

2022 జూలై 6: గడువు 9 నెలల నుంచి 6 నెలలకు తగ్గింది.

2022 జూలై 15: ప్రభుత్వ సెంటర్లలో 75 రోజుల పాటు అందరికీ ఉచితం.

2022 ఆగస్టు 12: కోవిషీల్డ్ లేదా కోవాగ్జిన్ రెండు డోసులు అయినవాళ్లు ఆరు నెలల తర్వాత మూడోదిగా కార్బెవాక్స్ వేయించుకోవచ్చు. ప్రభుత్వ కార్యక్రమంలో మిక్స్ బూస్టర్‌కు అనుమతి రావడం ఇదే మొదటిసారి. డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి అంతకు ముందే, జూన్ 4న వచ్చింది.

2022 డిసెంబర్ 23: ఇన్‌కోవాక్ చుక్కలను కూడా బూస్టర్‌గా కార్యక్రమంలో చేర్చారు. 2023 జనవరి 26న విడుదలైంది. ప్రైవేటులో టీకా ధర 800 రూపాయలు, పన్నులు అదనం.

జనవరిలో “అదే టీకా తప్పనిసరి” అన్నారు. ఆగస్టులో “వేరేదైనా ఫర్వాలేదు” అన్నారు. మధ్యలో ఏ పరిశోధన వల్ల ఈ మార్పు వచ్చిందో ఊళ్లలో చెప్పినవాళ్లు లేరు. అందుకే చాలామందికి ఇది సైన్స్ మారినట్టు కాకుండా, మిగిలిపోయిన స్టాకు ఖాళీ చేస్తున్నట్టు అనిపించింది.

జనం ఎందుకు వెనకాడారు?

అంకెలే చెబుతాయి. కోవిన్ లెక్కల ప్రకారం దేశంలో రెండో డోసులు 95 కోట్లు దాటాయి. మూడో డోసు సుమారు 22 కోట్ల దగ్గరే ఆగిపోయింది. 2022 జూలైలో ఉచితం ప్రకటించే నాటికి 18 నుంచి 59 ఏళ్ల మధ్య ఉన్న 77 కోట్ల మందిలో మూడో డోసు వేయించుకున్నది ఒక శాతం కన్నా తక్కువ. అప్పటికే ఉచితంగా ఇస్తున్న పెద్దవాళ్లు, ఆరోగ్య సిబ్బంది, ఫ్రంట్‌లైన్ వర్కర్లు కలిపి దాదాపు 16 కోట్ల మందిలో వేయించుకున్నది 26 శాతమే.

అంటే జనం వద్దనుకున్నది మిక్స్ డోసు ఒక్కదాన్నే కాదు. మూడో డోసు మీదే ఆసక్తి పోయింది. దానికి కారణాలు ఇవి.

మొదటిది, భయం తగ్గడం. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ కోసం పరుగులు చూసిన జనం టీకా కోసం క్యూ కట్టారు. 2022 మొదట్లో ఒమిక్రాన్ వచ్చినప్పుడు చాలామందికి జ్వరం వచ్చి తగ్గిపోయింది. “వచ్చి పోయింది కదా, ఇంక సూది దేనికి?” అనుకున్నారు.

రెండోది, దూరం, ఖర్చు. ప్రైవేటు సెంటర్లు ఎక్కువగా పట్టణాల్లోనే ఉన్నాయి. మాచవరం లాంటి మండలం నుంచి టీకా కోసం టౌనుకు పోవాలంటే చార్జీలు, టీకా డబ్బులు, ఆ రోజు కూలీ అన్నీ లెక్కలోకొస్తాయి. భార్యాభర్తలు, ఇద్దరు పెద్దపిల్లలు ఉంటే టీకా ధర, సర్వీస్ చార్జీ కలిపి 1,500 రూపాయల దాకా అవుతుంది. పైగా సూది వేసిన మర్నాడు జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తే మిర్చి కోతకో, సున్నపు బట్టీ పనికో పోలేరు. అది రెండో నష్టం.

మూడోది, అధికారులు కొత్త, ఆఫీసు కొత్త. పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 18 దాటిన అందరికీ మూడో డోసు మొదలైంది ఏప్రిల్ 10న. జిల్లా కేంద్రం గుంటూరు నుంచి నరసరావుపేటకు మారిన వారంలోనే ఈ కొత్త రూలు వచ్చింది.

నాలుగోది, మన సముదాయానికి ప్రత్యేకమైనది. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్ విషయం బయటికొచ్చాక వైరస్‌కు మతం అంటగట్టారు. తబ్లీగ్‌కు వెళ్లొచ్చినవాళ్ల కోసం ఇల్లిల్లూ వెతికారు. గుంటూరు జిల్లాలో అప్పట్లో నరసరావుపేట పెద్ద హాట్‌స్పాట్. ఆరోగ్య శాఖ వాళ్లు గుమ్మం ముందుకు వస్తే వైద్యం కోసం కాకుండా విచారణ కోసం వచ్చినట్టు అనిపించిన రోజులవి. ఆ ఏడాది ఆగస్టు 21న బాంబే హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ తబ్లీగీల మీద పెట్టిన కేసులను కొట్టేస్తూ వాళ్లను బలిపశువులను చేశారని వ్యాఖ్యానించింది. కోర్టు తీర్పుతో కేసు పోయింది గానీ, మనసులో పడ్డ ముడి అంత త్వరగా విడిపోలేదు. తర్వాత ఏ టీకా వచ్చినా “మనకు ఏది వేస్తున్నారు?” అని అడగడం వెనక ఈ అనుభవం కూడా ఉంది. దాన్ని మూఢత్వం అని కొట్టిపారేయకూడదు.

సిబ్బంది ఎందుకు తటపటాయించారు?

ఆరోగ్య సిబ్బంది అంటే అన్నీ తెలిసి, ఏ అనుమానం లేకుండా సూది వేసేవాళ్లని అనుకుంటాం. వాళ్లకూ అనుమానాలు ఉన్నాయి. 2021 జనవరి 16న, మొదటి రోజే, ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రి రెసిడెంట్ డాక్టర్లు మాకు కోవాగ్జిన్ వద్దు, కోవిషీల్డ్ ఇవ్వండని లేఖ రాశారు. అప్పటికి కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగ ఫలితాలు రాలేదు. వేయించుకునేవాళ్ల దగ్గర సమ్మతి పత్రం కూడా తీసుకునేవారు. డాక్టర్లే అడిగిన ప్రశ్న ఊళ్లో మనిషి అడిగితే తప్పేంటి?

మిక్స్ డోసు దగ్గరికి వచ్చేసరికి ఏఎన్‌ఎం, ఆశా వర్కర్లకు ఇంకో రకం ఇబ్బంది. ఏడాదిన్నర పాటు వాళ్లకిచ్చిన ట్రైనింగ్ అంతా “మొదటిది ఏది వేశామో రెండోది అదే వేయాలి, మారిస్తే తప్పు” అన్నదే. కోవిన్‌లో కూడా అలాగే సెట్ చేసి ఉండేది. అంతకాలం తప్పుగా చూసిన పనిని ఒక ఉత్తర్వుతో ఒప్పు అంటే చెయ్యి వెంటనే రాదు. పైగా సూది తర్వాత ఎవరికైనా ఏమైనా అయితే ఊళ్లో నిలదీసేది ఉత్తర్వు ఇచ్చిన వాళ్లను కాదు, సూది వేసిన సిస్టర్‌నే.

స్టాకు లెక్క కూడా ఒక చిక్కు. సీసా ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో వాడేయాలి. కోవిషీల్డ్ సీసాలో 10 డోసులు, ప్రభుత్వానికి వచ్చిన కార్బెవాక్స్ సీసాలో 20 డోసులు. ఇద్దరు ముగ్గురి కోసం సీసా తెరిస్తే మిగతాది వృథా, దానికి పైవాళ్లు సంజాయిషీ అడుగుతారు. అందుకే “ఇంకో పదిమంది వస్తే వేస్తాం, రేపు రండి” అని పంపించేస్తారు. ఒక రోజు కూలీ పోగొట్టుకుని వచ్చినవాళ్లు మళ్లీ రారు. ఇది సిబ్బంది నిర్లక్ష్యం అనుకుంటాం, కానీ సగం సమస్య సీసా సైజుది.

పరిశోధనలు ఏం తేల్చాయి?

మిక్స్ డోసు మీద మన దేశంలో మొదటి సమాచారం ఒక పొరపాటు వల్ల వచ్చింది. 2021 మేలో ఉత్తరప్రదేశ్ సిద్ధార్థనగర్ జిల్లాలో కొందరికి మొదట కోవిషీల్డ్, తర్వాత పొరపాటున కోవాగ్జిన్ వేశారు. వాళ్లలో 18 మందిని ఐసీఎంఆర్ పరిశీలించి, ఒకే రకం వేయించుకున్న 40 మంది చొప్పున రెండు గ్రూపులతో పోల్చింది. ప్రమాదం ఏమీ కనిపించలేదు. యాంటీబాడీలు బాగానే వచ్చాయి. అయితే 18 మంది అంటే చాలా చిన్న లెక్క.

హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి కూడా ఒక అధ్యయనం చేసింది. 330 మందిని పరీక్షించి, అప్పటిదాకా కరోనా సోకని 44 మందిని తీసుకుని రెండు టీకాలనూ మార్చి ఇచ్చి చూసింది. కలిపి ఇచ్చినవాళ్లలో ముల్లు ప్రోటీన్ యాంటీబాడీలు ఒకే రకం ఇచ్చినవాళ్ల కన్నా నాలుగు రెట్లు ఎక్కువ వచ్చాయని 2022 జనవరిలో ప్రకటించింది. ఇదీ చిన్న అధ్యయనమే.

వెల్లూరు సీఎంసీ పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. కోవాగ్జిన్ తర్వాత కోవిషీల్డ్ ఇస్తే ఫలితం బాగుంది. అటుది ఇటు చేసి, కోవిషీల్డ్ తర్వాత కోవాగ్జిన్ ఇస్తే అంత లాభం కనిపించలేదు. అందుకే కేంద్రం ఈ రెండింటి మధ్య మిక్స్ బూస్టర్‌ను అనుమతించలేదు. అంటే ఏది దేంతో కలిపినా మంచిదే అని కాదు. ఏ టీకా తర్వాత ఏది అన్న వరుస కూడా ముఖ్యమే. కార్బెవాక్స్‌కు అనుమతి వచ్చింది, రెండు డోసులు అయిన 416 మంది మీద బయోలాజికల్ ఇ చేసిన ప్రయోగం ఆధారంగా.

బ్రిటన్‌లో 2,878 మంది మీద ఏడు టీకాలను బూస్టర్‌గా ఇచ్చి చూసిన కోవ్-బూస్ట్ అధ్యయనం 2021 డిసెంబర్‌లో వచ్చింది. ఆస్ట్రాజెనెకా రెండు డోసులు అయినవాళ్లలో ఏడూ పనిచేశాయి, పెద్ద ప్రమాదం కనిపించలేదు. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మిక్స్ డోసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. అంతకు ముందు 2021 జూలైలో ఆ సంస్థ శాస్త్రవేత్త డాక్టర్ సౌమ్యా స్వామినాథన్ మిక్స్ చేయడం ప్రమాదకర ధోరణి అన్నారని వార్తలు తిరిగాయి. ఆమె చెప్పింది ఎవరికి వాళ్లు సొంతంగా నిర్ణయించుకోవద్దని, ప్రభుత్వ సంస్థలు ఆధారాలు చూసి నిర్ణయించాలని. వాట్సాప్‌లో మాత్రం మొదటి సగమే తిరిగింది.

హలాలేనా? రోజా ఉంటుందా?

ఈ ప్రశ్నలు అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. టీకా సెంటర్‌లో వీటికి జవాబు దొరకదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాం.

కోవిషీల్డ్, కోవాగ్జిన్, కార్బెవాక్స్ మూడింటి పదార్థాల జాబితాలో పంది జెలటిన్ లేదు. కార్బెవాక్స్ ప్రోటీన్ ఈస్ట్‌లో పెరుగుతుంది. ఆస్ట్రాజెనెకా టీకా తయారీలో పంది నుంచి తీసిన ట్రిప్సిన్ వాడారని ఇండోనేషియా ఉలమా మండలి 2021 మార్చిలో అంది. అలా అంటూనే అత్యవసర పరిస్థితి కాబట్టి వేయించుకోవచ్చని అనుమతించింది. కంపెనీ మాత్రం తమ టీకాలో జంతు పదార్థం లేదని చెప్పింది. యూఏఈ ఫత్వా కౌన్సిల్ 2020 డిసెంబర్‌లోనే, వేరే మార్గం లేనప్పుడు ప్రాణరక్షణ కోసం జెలటిన్ ఉన్న టీకా అయినా జాయిజే అని ప్రకటించింది.

రోజాలో భుజానికి వేసే సూది వల్ల రోజా పోదని సౌదీ గ్రాండ్ ముఫ్తీ 2021లో చెప్పారు. ముక్కు చుక్కల సంగతి వేరు. ముక్కులో వేసిన మందు గొంతులోకి దిగుతుంది కాబట్టి హనఫీ ఫిఖ్‌లో దానివల్ల రోజా పోతుందంటారు. కాబట్టి ఇన్‌కోవాక్ లాంటిది రంజాన్‌లో వేయించుకోవాలంటే ఇఫ్తార్ తర్వాత వేయించుకోవడం మేలు. అనుమానం ఉంటే మీ మసీదు ఇమామ్ సాబ్‌ను అడగండి.

హజ్, ఉమ్రాల్లో మిక్స్ డోసు కొత్తేమీ కాదు. 2021లో చైనా టీకాలు సైనోఫార్మ్, సైనోవాక్ వేయించుకున్నవాళ్లు సౌదీకి రావాలంటే, సౌదీ ఆమోదించిన వేరే టీకా ఒక డోసు అదనంగా వేయించుకోవాలని ఆ దేశం షరతు పెట్టింది. అంటే మిక్స్ బూస్టరే. 2022 హజ్‌కు 65 లోపు వయసు, టీకా పూర్తవడం రెండూ షరతులే. ఆ ఏడాది మన దేశం కోటా 79,237.

2024లో మళ్లీ పుట్టిన భయం

బ్రిటన్ కోర్టులో ఆస్ట్రాజెనెకా, తమ టీకా వల్ల చాలా అరుదుగా రక్తం గడ్డకట్టి ప్లేట్‌లెట్లు తగ్గే సమస్య రావచ్చని ఒప్పుకున్న వార్త 2024 ఏప్రిల్ చివర్లో వచ్చింది. కోవిషీల్డ్ వేయించుకున్న ఇళ్లలో మళ్లీ కలవరం. కానీ ఈ సమస్య 2021 నుంచే తెలిసినది. అది ఎక్కువగా మొదటి డోసు తర్వాత, కొద్ది వారాల్లోపు కనిపించింది. ఏళ్ల కిందట వేయించుకున్న డోసు వల్ల ఇప్పుడు కొత్తగా అది వస్తుందని భయపడక్కర్లేదు. ఇప్పుడు గుండెనొప్పి, ఆయాసం వస్తే టీకాను తిట్టుకుంటూ ఇంట్లో కూర్చోవడం ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ, షుగర్, పొగ అలవాటు వల్ల వచ్చిన జబ్బును టీకా మీదకు నెట్టేస్తే అసలు జబ్బుకు వైద్యం ఆగిపోతుంది.

ఇప్పుడు ఇంట్లో ఏం చేయాలి?

కోవిడ్ ప్రపంచ అత్యవసర పరిస్థితి ముగిసిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 మే 5న ప్రకటించింది. ఇప్పుడు అందరూ పరుగెత్తి బూస్టర్ వేయించుకోవాల్సిన పని లేదు. కానీ ఇవి చేసుకోండి.

ఇంట్లో ఎవరికి ఏ డోసు ఏ తేదీన పడిందో సర్టిఫికెట్లు ప్రింట్ తీసి, పిల్లల టీకా కార్డులతో పాటు ఒకే కవర్లో పెట్టండి. ఫోన్ నంబర్ మారితే తర్వాత వెతుక్కోవడం కష్టం.

డయాలసిస్, క్యాన్సర్ మందులు, అవయవ మార్పిడి ఉన్నవాళ్లు, బాగా పెద్ద వయసు వాళ్లు ఇంకో డోసు అవసరమా అని తమ డాక్టర్‌నే అడగాలి. వేరే టీకా ఇస్తామంటే రెండు ప్రశ్నలు అడగండి: ఈ కాంబినేషన్‌కు ప్రభుత్వ అనుమతి ఉందా? చివరి డోసుకూ దీనికీ ఎంత గడువు ఉండాలి?

ఏ టీకా అయినా వేయించుకున్నాక అరగంట సెంటర్‌లోనే కూర్చోండి. అలర్జీ ఉంటే సూది వేయకముందే సిస్టర్‌కు చెప్పండి. తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే పీహెచ్‌సీలో చెప్పి రాయించండి. రాతలో లేని ఇబ్బంది లెక్కలోకి రాదు.

హజ్‌కు వెళ్లేవాళ్లకు మెనింజైటిస్ టీకా తప్పనిసరి, సౌదీ చేరడానికి కనీసం 10 రోజుల ముందు పడాలి. మిగతా షరతులు ఏటా మారుతుంటాయి, హజ్ కమిటీ సర్క్యులర్ చూసుకోండి.

పోలియో చుక్కలను కూడా ఒకప్పుడు మన ఇళ్లలో అనుమానించారు. ఉత్తరప్రదేశ్‌లో ఉలమా, మసీదు మైకులు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు కలిసి ఇల్లిల్లూ తిరిగి ఆ అనుమానం పోగొట్టారు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో రహిత సర్టిఫికెట్ వచ్చింది. ఆశా ఆపా గుమ్మం ముందుకొస్తే తలుపు వేయకండి. మనసులో ఉన్న అనుమానం ఆమెనే అడగండి. ఆమెకు తెలియకపోతే పీహెచ్‌సీ డాక్టర్‌ను అడిగి చెప్పమనండి. అడగడం మన హక్కు, జవాబు చెప్పడం వాళ్ల బాధ్యత.